మసిపొద్దు పాట ఆఖరి చరణం

1927 జూలై ఒకటో తేదీ, ఆనాటి నిజాం సర్కారు లెక్కలో 1336 ఫసలీ, శుక్రవారం ఉదయం, వార్ధా నది ఆవలి ఒడ్డున రాజురా తాలూకాలోని మన బొగ్గుబావి కచేరీలో ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడొకరు హాజరీ గుమాస్తాగా ప్రవేశించారు. రాజురా బజారులో మూడు తరాల బట్టల దుకాణాన్నీ, అందులో తమ కోసం పరిచి ఉంచిన గద్దెనూ వదులుకొని, తెలుగూ ఉర్దూ సమానంగా రాయగల చక్కని చేతివ్రాతను మాత్రమే వెంట తెచ్చుకున్న ఆ యువకుడే, 1961 జూన్ ముప్పైన మన చాందా కార్యాలయం నుండి పదవీ విరమణ చేయనున్న జ్యేష్ఠ సహోద్యోగి, ప్రధాన హాజరీ అధికారి శ్రీ ఈశ్వరయ్య గుండావార్ గారు. ఇటువంటి వీడ్కోలు సంచికల్లో క్రమశిక్షణ, నిరాడంబరత, కార్యదీక్ష అనే మూడు మాటలు రాసి నమస్కారం పెట్టడం ఆనవాయితీ. ఆ మూడూ ఆయనకు అక్షరాలా తగినవే. కాని ఆయన ఉద్యోగ జీవితాన్ని ఆ మూడు మాటలతో కప్పిపెడితే ఒక అన్యాయాన్ని కూడా కప్పిపెట్టినట్టే అవుతుంది. అందువల్ల ఈ అభినందన కొంత కోపంతోనే రాయబడుతున్నదని పెద్దలకు ముందే మనవి చేస్తున్నాం.

ఆ రోజుల్లో బావి పైన బొగ్గును బండ్లలోకి ఎత్తే పని ఆడవాళ్ళది. పన్నెండు మందికి ఒక ముఠా, ముఠాకు ఒక ముందుపాట మనిషి ఉండేవారు. మొదటి తట్ట లేచినప్పుడు పాట లేచేది, బండి నిండినప్పుడు పాట ముగిసేది. ముగింపు చరణంలో ముందు పాడే మనిషి తన తండ్రి పేరూ తన పేరూ చెప్పుకోవడం ఆ బావి ఆచారం. అది సోకు కోసం పెట్టుకున్న చరణం కాదు. దుమ్ములో ఏది ఏ ముఠాయో కచేరీ కిటికీలోంచి ఎవరికీ ఆనేది కాదు. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా ఆ చరణంలోని పేరు విని, పుస్తకంలో ఆ ముఠా ఎదురుగా గీటు గీసేవారు. అక్షరం రాని ఆ ఆడవాళ్ళకు ఆ పాటే సంతకం. ఈశ్వరయ్య గారు ఏడేళ్ళపాటు, ఎండలోనూ వానలోనూ, ఒక్క పేరు తప్పిపోకుండా ఆ సంతకాలను చెవితో విని చేత్తో రాశారు.

ఆ ముఠాల్లో మొగిలి కూతురు సాయమ్మ గారి ముఠా ఒకటి. కచేరీ పుస్తకాల్లో ఆమె పేరు పక్కన ఎవరూ ఎన్నడూ ‘గారు’ చేర్చలేదు, ఈ పుటల్లో మేము చేరుస్తున్నాం. ‘పొద్దు పొడిసె వదినమ్మో, పొడిసిన పొద్దుకు మసి అంటె వదినమ్మో’ అని మొదలయ్యే పాట ఆమె కట్టుకున్నది. తెల్లవారి బావి దగ్గరికి నడిచి వచ్చే దారిలో, పొగ వెనుక లేచే సూర్యుణ్ణి చూస్తూ కట్టుకున్నదని ఆమె వెంట నడిచినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఈ మసిపొద్దు పాటను మీరందరూ విన్నారు. మీ పెళ్ళిళ్ళలో మోగింది, బల్లార్షా స్టేషను ముందు హోటలులో రోజుకు నాలుగుసార్లు మోగుతున్నది. అయితే మీరు విన్నది పాటలో మూడు వంతులే.

1934 చైత్రంలో, చాందాలో మహాకాళి జాతర జరుగుతుండగా, ఒక గ్రామఫోను కంపెనీ మనుషులు యంత్రంతో దిగారు. కంపెనీ పేరు రాస్తే వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది గనుక రాయడం లేదు. జాతరకు వచ్చిన జనంలో పాడేవాళ్ళను ఏరుకోవడానికి గోల్ బజారు వెనుక ఒక మేడగది తీసుకొని, చప్పుడు రాకుండా కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ఈశ్వరయ్య గారు సాయమ్మ గారి పాట మీది ముచ్చటతో, ఆమెను బండెక్కించి వార్ధా దాటించి, తామే అక్కడికి తీసుకువెళ్ళారు. మైనపు పలక మీద మూడు నిమిషాల చిల్లర పాటే పడుతుందనీ, ఆలోగా ఆగకపోతే పలక పాడైపోతుందనీ, ఎవరైనా గడియారం చూసి తువ్వాలు దించి సైగ చేయాలనీ యంత్రం మనిషి అన్నాడు. గడియారం చూడటమే వృత్తిగా ఉన్న మనిషి గదిలో ఒక్కరే ఉన్నారు. ఆయన చేతికే గడియారం ఇచ్చారు.

సాయమ్మ గారు తట్ట మోసినంత నింపాదిగా, బావి దగ్గర ఎలా పాడతారో అలాగే పాడారు. మూడు చరణాలయ్యాయి. నాలుగో దానికి ఆమె ఊపిరి తీసుకుంటుండగా మూడు నిమిషాలు నిండాయి, ఈశ్వరయ్య గారు తువ్వాలు దించారు. బావి దగ్గర మున్షీ, అంటే గుమాస్తా, చెయ్యి దిగితే పని ఆగాలి. ఆ అలవాటు కొద్దీ ఆమె నోరు ఆగింది.

“ఇంకోటున్నది గద సాబూ,” అన్నారామె, యంత్రం కట్టేశాక.

“టైమైపాయె సాయమ్మా. యంత్రం మన మాట ఇనది,” అన్నారాయన.

ఏడేళ్ళుగా ఏ చరణం విని ఆమెకు హాజరు వేశారో, సరిగ్గా ఆ చరణాన్నే ఆయన ఆపారు. గడియారం తప్ప మరేదీ చూడకూడదని నేర్చుకున్న మనిషే చేయగల పొరపాటు ఇది. అంతటితోనైనా ఆగారా అంటే లేదు. మర్నాడు కచేరీకి వచ్చి, క్రితం రోజు సాయమ్మ గారు బావికి రాలేదు గనుక, ఆమె ఎక్కడ ఉన్నారో తామే స్వయంగా ఎరిగి ఉండి కూడా, పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ‘గైరు హాజరు’ అని ముచ్చటైన ఉర్దూలో రాశారు. నియమం నియమమే అనుకున్నారట.

ఏడాదిన్నర తర్వాత రికార్డు వచ్చింది. పాడినది సాయమ్మ గారు కాదు. మైనపు పలకను నాటకాల్లో పేరున్న గాయని రాజకుమారికి వినిపించి, ఆమె చేత హార్మోనియం, తబలాలతో పాడించారు. రికార్డు నడిమి కాగితం మీద ‘గానం: కుమారి రాజకుమారి’ అని ఒక వరుస, దాని కింద ‘సంప్రదాయం’ అని ఒక వరుస అచ్చువేశారు. ఈ సంప్రదాయం అనే ఆసామి ఎవరో, ఏ ఊరివాడో, ఏ బావి దగ్గర ఎన్ని తట్టలు మోశాడో కంపెనీ వారే సెలవివ్వాలి. పాట కట్టిన మనిషి బతికి ఉండగా, బొగ్గు ఎత్తుతూ ఉండగా, ఆమెను సంప్రదాయం చేసి పారేయడం ఏ ధర్మం? సొమ్మొకరిది సోకొకరిది అనే సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

ఇక్కడ ఈశ్వరయ్య గారిని కూడా మేము విడిచిపెట్టం. ఆయన ఇరవై ఏళ్ళు నోరు విప్పలేదు. 1942లో ప్రధాన గుమాస్తా అయ్యారు. నలభై ఎనిమిదిలో ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజుల్లో కూడా కచేరీ తాళం చెవులు నడుముకు కట్టుకొని బావి దగ్గరే పడుకున్నారు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందుగా వాళ్ళ గుడిసె దగ్గర కనిపించేవారు. ఇవన్నీ నిజమే, ఇవన్నీ గొప్పవే. అయితే ఎక్కడైనా ఆ పాట మోగితే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేవారు. “మా తమ్ముని పెండ్లిల అన్నం ముందట నుంచి లేచి పోయిండు. ఒంట్లె బాగలేదనుకున్న. ఏండ్లకేండ్లు గట్లనే అనుకున్న,” అని ఆయన సతీమణి శ్రీమతి రుక్మిణి గారు మాతో అన్నారు.

1955 వేసవిలో మాజ్రిలో మన బావి పాత కార్మికుడు పోశం గారి ఇంట్లో పెళ్ళి జరిగింది. మైకులో మసిపొద్దు పాట పెట్టారు. పందిట్లో ఒక మూల కూర్చున్న సాయమ్మ గారికి అప్పటికే అరవై దాటాయి. రికార్డుతో గొంతు కలిపి పాడుతూ, అది ఆగినా ఆమె ఆగలేదు, తన అలవాటు కొద్దీ నాలుగో చరణం అందుకున్నారు. కుర్రకారు నవ్వారు.

“బస్ ఝాలా ఆజీ, ఇగ చాలు, పాట ఒడిసింది,” అన్నాడొకడు.

“రికార్డుల లేంది నువ్వు ఏడికెల్లి కలుపుతున్నవ్ అవ్వా?” అన్నాడింకొకడు. పాట ఎక్కడ ముగుస్తుందో ముసలామెకు నేర్పడానికి రికార్డు మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

ఆమె చివరిదాకా మర్యాదగా విన్నారు. తర్వాత పందిట్లో లేచి నిలబడి, పెళ్ళికి వచ్చి, ఎప్పటిలా బయటికి వెళ్ళబోతున్న ఈశ్వరయ్య గారిని పిలిచారు. “మున్షీ సాబూ, జర నువ్వన్న చెప్పు ఈళ్ళకు. నా పాట నాకే తప్పంటుండ్రు.”

ఈశ్వరయ్య గారు వెనక్కి వచ్చారు. అంతమందిలో గొంతు పెంచి ఎరుగని మనిషి, మైకు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. “పాట ఆమెదే. ఇంకో చరణం ఉన్నది. దాన్ని ఆపింది యంత్రం గాదు, నేను,” అన్నారు. సాయమ్మ గారు కోప్పడలేదు. “గా దినం నేను నీ చెయ్యి చూసి ఆగిన సాబూ. యంత్రాన్ని చూసి గాదు,” అన్నారంతే. ఆ మాట తర్వాత తమకు నిద్రపట్టిన రోజు లేదని ఈశ్వరయ్య గారు ఇటీవల ఒప్పుకున్నారు.

అప్పటి నుండి ఆయన ఉద్యోగం రెండైంది. పగలు హాజరు పుస్తకం, సెలవు రోజుల్లో ఉత్తరాలు. రికార్డు మీద సాయమ్మ గారి పేరు వేయాలని కంపెనీకి రాస్తే, జానపద గీతాలకు కర్తలుండరనీ, ఉన్నారని మీరంటే ఆ మనిషి ఆ తాలూకా నివాసి అనీ, పాట ఆమెదే అనీ జిల్లా అధికారి చేత ధ్రువపత్రం పంపమనీ జవాబు వచ్చింది. ఈశ్వరయ్య గారు సంతోషించారు. ధ్రువపత్రమే కదా, కచేరీల సంగతి తమకు తెలియనిదా అనుకున్నారు పాపం.

1956 అక్టోబరులో పాత జిల్లాకు దరఖాస్తు పెట్టారు. జవాబు వచ్చేసరికి మన తాలూకా ఆ జిల్లాలోనే కాదు, ఆ రాష్ట్రంలోనే లేదు. మీ తాలూకా మాది కాదు, కొత్త జిల్లాను అడగండి అన్నారు. కొత్త జిల్లాను అడిగితే, పాత కాగితాలు మాకు అందలేదు, అందాక చూస్తాం అన్నారు. ఆ కాగితాలు అందేలోగా, 1959లో తాలూకాను అక్కడి నుండి తీసి చాందా జిల్లాలో కలిపారు. మూడో జిల్లా వారు మరింత తెలివైనవారు. ఆ పాట పుట్టిన నాటికి తాలూకా మా అధికారంలో లేదు గనుక, దాని గురించి ధ్రువీకరించే అధికారం మాకు లేదని రాశారు. మరుసటి ఏడాది రాష్ట్రం పేరు కూడా మారింది, దరఖాస్తు మళ్ళీ కొత్త నమూనాలో పెట్టమన్నారు. రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించిన పెద్దలు నదులను పంచుకున్నారు, అడవులను పంచుకున్నారు, గుమాస్తాలను, కుర్చీలను సైతం జాబితా రాసి పంచుకున్నారు. బొగ్గు తట్ట దగ్గర ఒక ఆడమనిషి కట్టిన పాట ఏ రాష్ట్రం వాటాకు వచ్చిందో ఒక్కరూ చూసుకోలేదు. సాయమ్మ గారు మాత్రం మొదటి నుంచీ అదే వార్ధా ఒడ్డున, అదే గుడిసెలో ఉన్నారు. ఆమె ఎక్కడికీ కదలలేదు.

ఇంతలో కార్యాలయం రాజురా నుండి చాందాకు తరలింది. సామాను సర్దే రోజున, ఇప్పుడు మన మధ్య లేని ఒక నిర్వాహకులు ఉర్దూ పుస్తకాల మూటలు చూసి, వీటిని ఇక ఎవరు చదువుతారు, చిత్తుకాగితాల రద్దీలో వేసేయండి అన్నారు. ముప్పై రెండేళ్ళలో పై అధికారికి ఎదురు చెప్పని ఈశ్వరయ్య గారు వెళ్ళి మూటల మీద కూర్చున్నారు. “సదివెటోణ్ణి నేనున్న సార్. నేను రిటైరయ్యేదాంక ఉండనియ్యండ్రి,” అన్నారు. తర్వాత రెండేళ్ళలో, యాభై మూడేళ్ళ వయసులో అక్షరాలు దిద్ది నేర్చుకున్న మరాఠీలో, ఆ పుస్తకాలన్నిటికీ తమ చేత్తో నకళ్ళు తయారుచేశారు. ఈనాడు మన పాత కార్మికుల సేవాకాలం ఋజువు కావాలంటే ఆ నకళ్ళే దిక్కు. వాటితోపాటు 1934 చైత్రం పుస్తకమూ బతికింది, అందులో ఆ ‘గైరు హాజరు’ కూడా బతికింది.

ఆయన రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికే మనిషి రాసిన జవాబు వచ్చింది. అది గాయని రాజకుమారి గారి నుండి. “అయ్యా, నాకు మైనపు పలక వినిపించి నేర్పారు. దాని మీద ఎంత ఉంటే అంతే పాడాను. ఇంకొక చరణం వినబడి ఉంటే దానినీ పాడేదాన్ని, అందులో ఆమె పేరు ఉంటే ఆ పేరుతోనే పాడేదాన్ని. ఇప్పుడు నాకు గొంతు లేదు. ఉన్నప్పుడు మీరు ఎందుకు రాయలేదు?” అని ఉన్నది ఆ ఉత్తరంలో. ఈశ్వరయ్య గారు దాన్ని ఎవరికీ చూపకుండా దాచుకున్నారు. ఈ సంచిక కోసం మేము అడిగినప్పుడు మాత్రం తీసి మా చేతిలో పెట్టి, ఒక్క అక్షరం వదలకుండా వేయమన్నారు.

ఆచారం ప్రకారం విరమణ కానుకగా చేతి గడియారం ఇవ్వాలని మన ఉద్యోగుల సంఘం తీర్మానించింది. కార్యదర్శి బాపయ్య గారు ఆ సంగతి చెప్పడానికి ఇంటికి వెళ్ళారు.

“గడియారం నాకెందుకు బాపయ్యా,” అన్నారు ఈశ్వరయ్య గారు. “జిందగీ అంత దాన్నే చూసిన. ఒక్క దినం చూడకుంటె బాగుండు.”

“మరి ఏమియ్యమంటరు సార్? ఉత్తచేతులతోటి ఎట్ల పంపుతం?”

“మీ సంచికల తెలుగు పుటలు నాలుగు పెట్టుండ్రి. పాట పూరంగ అచ్చెయ్యుండ్రి, ఆమె పేరుతోటి. సంప్రదాయమని ఏడన్న రాస్తె మాత్రం నేను సభకు రాను.” మరొక మాట కూడా అన్నారట. “ఆ చైత్రం పుస్తకం ఒక్కసారి నా ముంగట పెట్టుండ్రి.”

చాందాలోని ఏ అచ్చుకూటంలోనూ తెలుగు అక్షరాలు లేవు. ఈ పుటలు సికిందరాబాదులో అచ్చయి రైలులో వచ్చాయి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, వాళ్ళకు తల్లిదండ్రులు చదివి వినిపించాలని మనవి. మొదటి మూడు చరణాలూ ఆమె పేరుతోనే పక్క పుటలో అచ్చయ్యాయి. ఇరవై ఏడేళ్ళుగా ఏ రికార్డు మీదా, ఏ కాగితం మీదా లేని నాలుగో చరణం ఇది. ఏ కచేరీ ధ్రువపత్రం లేకుండా, సాయమ్మ గారి నోట విని ఈశ్వరయ్య గారు రాసి ఇచ్చినది:

ఎవ్వల పాటని అడిగితె దొరో
ఎవ్వల ముఠా అని అడిగితె దొరో
వార్ధా ఒడ్డున మొగిలి బిడ్డ
సాయమ్మ వచ్చింది రాసుకో దొరో

జూన్ ముప్పై సాయంత్రం సభకు సాయమ్మ గారు తమ కూతురు ఈరమ్మ గారి భుజం పట్టుకొని వస్తున్నారు. మసిపొద్దు పాట నాలుగు చరణాలూ, ఎంతసేపైతే అంతసేపు, తామే పాడతారు. సభా మందిరంలోని గోడగడియారాన్ని ముందురోజే దింపించాలని సంఘం నిర్ణయించింది. వేదిక మీద ఆ పాత పుస్తకం తెరిచి ఉంటుంది. ఆఖరి చరణంలో పేరు వినబడగానే ఈశ్వరయ్య గారు ఇరవై ఏడేళ్ళ కిందటి ఆ మాట కొట్టివేసి, దాని పక్కన ‘హాజరు’ అని రాస్తారు. గతించిన తేదీకి హాజరు వేయడం చెల్లదని ఎవరైనా అంటే, మన కార్యాలయంలో నియమాలన్నీ నేర్పినది ఆయనే అని జవాబు చెప్పదలచుకున్నాం. ముప్పై నాలుగేళ్ళలో ఆయన వేసిన లక్షల గీటుల్లో అదే ఆఖరిది.

శ్రీ ఈశ్వరయ్య గుండావార్ గారికి, శ్రీమతి రుక్మిణి గారికి మహాకాళి అమ్మవారు పరిపూర్ణ ఆరోగ్యాన్నీ, మనశ్శాంతినీ, నిండు నూరేళ్ళనూ ప్రసాదించాలని మన కార్యాలయ కుటుంబమంతా ప్రార్థిస్తున్నది. ఆ నూరేళ్ళలో ఆయన ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళాలి. అక్కడ ఆ పాట మోగినప్పుడు అన్నం ముందు నుంచి లేవకుండా, ఆఖరి చరణం అయ్యేదాకా కూర్చొని వినాలి.